బొగ్గు తోసే మోటారు ఆగితే: ఖరగ్‌పూర్ బకెట్ కుంపటి నుంచి స్టోకర్ పొయ్యి దాకా

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌కు 'రైల్వే ఊరు' అనే పేరు ఊరికే రాలేదు. 1900 ప్రాంతంలో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే అక్కడ జంక్షన్‌ను, ఆ తర్వాత పెద్ద వర్క్‌షాపును నిర్మించింది. పని కోసం శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి వేల తెలుగు కుటుంబాలు వచ్చి స్థిరపడ్డాయి. మథురాకాటీ, నింపురా, గోల్‌బజార్ వంటి పేటల్లో ఇప్పటికీ తెలుగు వినిపిస్తుంది. గ్యాసు సిలిండర్లు రాకముందు ఆ క్వార్టర్లలో వంట జరిగింది ఎక్కువగా రాక్షసిబొగ్గు మీదే.

పొయ్యి తయారీ సులువు. పాత ఇనుప బకెట్ తీసుకుని, అడుగున పక్కగా ఒక రంధ్రం కోస్తారు. మధ్యలో అడ్డంగా ఇనుప ఊచలు పెట్టి, లోపలి గోడలకు మట్టి మెత్తుతారు. తెల్లవారుతూనే ఊచల మీద పిడక ముక్కలు, చితుకులు పేర్చి, పైన బొగ్గు పోసి, కింది రంధ్రంలోంచి నిప్పు పెడతారు. మొదట దట్టంగా పొగ వస్తుంది కాబట్టి బకెట్‌ను వాకిట్లోనే ఉంచుతారు. పొగ తగ్గి బొగ్గు ఎర్రబడ్డాక పిడి పట్టుకుని వంటింట్లోకి తెస్తారు. ఆ తర్వాత మంట తగ్గినప్పుడల్లా గుప్పెడు బొగ్గు వేయాలి, విసనకర్రతో విసరాలి, బూడిద దులపాలి.

బొగ్గు వేసే ఆ చెయ్యి చేసే పనిని ఇప్పుడు కొన్ని దేశాల్లో ఒక చిన్న మోటారు చేస్తోంది. అమెరికాలో, పోలండ్‌లో ఇళ్లను వెచ్చగా ఉంచే బొగ్గు పొయ్యిల్లో ఇలాంటి ఏర్పాటు ఉంది. వీటిని స్టోకర్ పొయ్యిలంటారు. ఆ మోటారు పాడైతే మార్చడం స్క్రూడ్రైవర్ పట్టడం తెలిసినవారికి గంటలో అయ్యే పనిలా కనిపిస్తుంది. కానీ సరిపోని మోటారు బిగిస్తే పొయ్యి వెలుగుతూనే ఉంటుంది, ఇంట్లో మాత్రం విషవాయువు చేరవచ్చు. ఎందుకో తెలియాలంటే ముందు నిప్పు లెక్క చూడాలి.

నిప్పు అడిగే లెక్క

బొగ్గులో మండే ప్రధాన పదార్థం కార్బన్. 12 కిలోల కార్బన్ పూర్తిగా మండడానికి 32 కిలోల ఆక్సిజన్ కావాలి. అంటే 1 కిలో కార్బన్‌కు సుమారు 2.7 కిలోల ఆక్సిజన్. గాలి బరువులో ఆక్సిజన్ వాటా దాదాపు 23 శాతమే కాబట్టి, ఆ 1 కిలోకు సుమారు 11.5 కిలోల గాలి అవసరం. అది దాదాపు 9.6 ఘనపు మీటర్లు. బొగ్గు పొయ్యిలోంచి పోయే పదార్థంలో బరువు ప్రకారం చూసినా పెద్ద వాటా గాలిదే.

గాలి సరిపోతే కార్బన్ కార్బన్ డయాక్సైడ్‌గా మారి, ప్రతి కిలోకు సుమారు 32.8 మెగాజౌళ్ల వేడి ఇస్తుంది. గాలి చాలకపోతే ప్రయాణం సగంలో ఆగి కార్బన్ మోనాక్సైడ్ మిగులుతుంది. అప్పుడు దక్కే వేడి కిలోకు సుమారు 9.2 మెగాజౌళ్లు మాత్రమే, అంటే పూర్తి వేడిలో 28 శాతం. మిగతా 72 శాతం ఆ వాయువులోనే ఉండిపోయి, దానితోపాటే బయటికి పోతుంది.

బొగ్గు పొర మందంగా ఉన్నప్పుడు ఇంకో చిక్కు ఉంది. అడుగున గాలి తగిలిన చోట కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. అది పైకి వెళుతూ ఎర్రగా కాలుతున్న బొగ్గును తాకితే మళ్లీ దానితో కలిసి కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది. సుమారు 700 డిగ్రీల సెల్సియస్ దాటిన నిప్పుల్లో ఇది చురుగ్గా సాగుతుంది. బాగా రాజుకున్న కుంపటి పైన నీలిరంగులో ఆడే చిన్న మంటలు ఈ వాయువు పైగాలి తగిలి మండుతున్నవే. ఆ నీలిమంట ఆరిపోతే వాయువు మండకుండానే గదిలోకి వస్తుంది.

కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. అందుకే గాలిలో కొద్దిగా ఉన్నా ఒంట్లో పేరుకుంటుంది. తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం, మగత వరుసగా వస్తాయి. నిద్రలో ఉన్నవారికి ఈ హెచ్చరికలు కూడా అందవు. బకెట్ కుంపటిని పొగ తగ్గాక లోపలికి తేవడం మంచి అలవాటే, ఎందుకంటే పొగలో ఉండే తారు, మసి, మండీమండని వాయువులు అప్పటికి చాలావరకు పోతాయి. కానీ పొగ పోయినంత మాత్రాన ప్రమాదం పోలేదు. ఎర్రటి నిప్పులు పొగ లేకుండానే కార్బన్ మోనాక్సైడ్ ఇస్తాయి. ఉత్తర భారతంలో ప్రతి చలికాలం మూసిన గదుల్లో కుంపటి పెట్టుకుని పడుకున్నవారు చనిపోయిన వార్తలు వస్తూనే ఉంటాయి. వాటి వెనుక ఉన్నది ఈ వాయువే.

ఫైర్‌మన్ పార నేర్పిన సూత్రం

బొగ్గు ఎంత వేగంగా వేయాలన్నది ఖరగ్‌పూర్‌లో ఇంటి ప్రశ్నే కాదు, కొలువు ప్రశ్న కూడా. ఆవిరి ఇంజన్ల మీద ఫైర్‌మన్లు పారతో బొగ్గు వేసేవారు. ఆ వృత్తిలో మొదట నేర్చుకునే సూత్రం ఒకటే: కొంచెం కొంచెంగా, తరచుగా, పొర సమంగా ఉండేలా. ఒకేసారి పదిపారల బొగ్గు కుమ్మరిస్తే పొయ్యి చల్లబడుతుంది, గాలి దారులు మూసుకుంటాయి, చిమ్నీ నుంచి నల్లటి పొగ లేస్తుంది. ఆ పొగ అంటే ఆవిరి కాకుండా పోయిన బొగ్గే.

మన దేశంలో బ్రాడ్‌గేజ్ మీద ఆవిరి ఇంజన్ల మామూలు సర్వీసులు 1995లో ముగిశాయి. అంతవరకూ రైల్వే ఊళ్లలో ఇంకో దృశ్యం సాధారణం. ఇంజన్లు దులిపిన బూడిద కుప్పల్లోంచి సగం కాలిన బొగ్గు ఏరుకుని, ఇంటి కుంపట్లలో వాడుకునేవారు. ఆ ముక్కల్లో పొగ పుట్టించే వాయువులు అప్పటికే పోయి ఉంటాయి కాబట్టి అవి ఇంట్లో మేలుగా కాలేవి. ఇంజన్ వైపు నుంచి చూస్తే మాత్రం అవి నష్టం: వేసిన బొగ్గుకు తగిన గాలి, సమయం దొరకలేదని చెప్పే సాక్ష్యం. బూడిదలో కనిపించే ఈ సాక్ష్యం స్టోకర్ పొయ్యి మరమ్మతులోనూ పనికొస్తుంది.

చెయ్యి స్థానంలో మోటారు

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రం ఈశాన్య భాగంలో ఆంత్రసైట్ అనే గట్టి బొగ్గు దొరుకుతుంది. అందులో ఆవిరై పోయే పదార్థం 8 శాతం కంటే తక్కువ కాబట్టి దాదాపు పొగ లేకుండా కాలుతుంది. అక్కడి ఇళ్ల స్టోకర్ పొయ్యిల్లో వాడే బొగ్గు సైజుకు వ్యాపార భాషలో పేరు 'రైస్', అంటే బియ్యం. నిజానికి గింజ మన బియ్యం కంటే పెద్దది, సుమారు 5 నుంచి 8 మిల్లీమీటర్లు.

ఈ పొయ్యిలో పైన ఒక తొట్టి ఉంటుంది. బొగ్గు గింజలు సొంత బరువుతో కిందికి జారతాయి. అడుగున ఒక ఇనుప దిమ్మె ముందుకూ వెనక్కూ కదులుతూ, ప్రతిసారీ కొద్ది బొగ్గును రంధ్రాలున్న వాలు పలక మీదికి తోస్తుంది. రంధ్రాల్లోంచి బ్లోయర్ గాలి ఊదుతుంది. బొగ్గు వాలు వెంట నెమ్మదిగా జారుతూ కాలి, చివరకు వచ్చేసరికి బూడిదగా మారి కింది పెట్టెలో పడుతుంది. దిమ్మెను కదిపేదే ఫీడ్ మోటారు. పోలండ్‌లో వాడే ఇళ్ల బాయిలర్లలో దిమ్మెకు బదులు తిరిగే మర ఉంటుంది. మాంసం కొట్టే మిషన్లో ఉండే మరలాగే అది బొగ్గును తొట్టి నుంచి నిప్పు దాకా తోసుకుపోతుంది.

ఈ పొయ్యిలో వేడిని నిర్ణయించేది తోసే వేగం. గంటకు 1 కిలో బొగ్గు వేస్తున్నామనుకుందాం. ఆ బొగ్గు కిలోకు 25 మెగాజౌళ్లు ఇస్తే, పొయ్యి శక్తి సుమారు 6.9 కిలోవాట్లు. మోటారు నిమిషానికి 2 చుట్లు తిరిగి, ఒక్కో చుట్టుకు దిమ్మె ఒకసారి తోస్తే గంటకు 120 తోపులు. అంటే ఒక్కో తోపుకు దాదాపు 8 గ్రాముల బొగ్గు. అది చిటికెడు కంటే కాస్త ఎక్కువ. ఏ మనిషీ రాత్రంతా అర నిమిషానికోసారి అంత కొలతగా వేయలేడు. స్టోకర్ పొయ్యిలో పొగ, కార్బన్ మోనాక్సైడ్ అదుపులో ఉండడానికి కారణం ఈ క్రమమే.

మోటారు లోపల ఏముంది?

ఇలాంటి పొయ్యిల్లో తరచుగా కనిపించేది షేడెడ్ పోల్ మోటారు. చాలా టేబుల్ ఫ్యాన్‌లలో ఉండే మోటార్లలా దీనికి కెపాసిటర్ ఉండదు, బ్రష్‌లూ ఉండవు. ఇనుప ధ్రువాల్లో ఒక్కోదాని మూలకు ఒక రాగి కడియం తొడుగుతారు. తీగచుట్టలో విద్యుత్తు ప్రవహిస్తే అయస్కాంత క్షేత్రం పుడుతుంది. కడియం ఉన్న మూలలో ఆ క్షేత్రం కాస్త ఆలస్యంగా పెరుగుతుంది. ఒక పక్క ముందు, ఇంకో పక్క తర్వాత బలపడడంతో క్షేత్రం ఒకవైపు జరుగుతున్నట్టు అవుతుంది, రోటర్ దాని వెంట తిరుగుతుంది.

తయారీ చవక, దుమ్ముకు ఓర్చుకునే గుణం ఎక్కువ. సామర్థ్యం మాత్రం తక్కువ. తీసుకున్న విద్యుత్తులో నాలుగో వంతు కూడా పనిగా మారకపోవచ్చు, మిగతాదంతా వేడి. అందుకే మామూలుగా నడుస్తున్నప్పుడు కూడా ఇది ముట్టుకుంటే వేడిగా ఉంటుంది.

రోటర్ నిమిషానికి వెయ్యికి పైగా చుట్లు తిరుగుతుంది. దాన్ని 2 చుట్లకు దించేది మోటారుకే బిగించిన పళ్లచక్రాల పెట్టె. వేగం తగ్గిన కొద్దీ మెలితిప్పే బలం, అంటే టార్క్, పెరుగుతుంది. రోటర్ ఇచ్చేది 5 వాట్లే అనుకున్నా, పళ్లచక్రాల రాపిడిలో సగం పోయాక కూడా, నిమిషానికి 2 చుట్ల వేగంలో సుమారు 12 న్యూటన్ మీటర్ల టార్క్ మిగులుతుంది. ఇరుసు నుంచి 5 సెంటీమీటర్ల దూరంలో అది దాదాపు 24 కిలోల బరువుతో సమానమైన తోపు. రాత్రి దీపం పాటి శక్తి లేని యంత్రమని తేలిగ్గా తీసుకుని లోపల చెయ్యి పెడితే వేలు నలుగుతుంది. మరమ్మతుకు ముందు ప్లగ్ తీయాలన్న మాట షాక్ కోసం మాత్రమే కాదు.

ఆగింది మోటారేనా?

బొగ్గు జారడం ఆగితే పలక మీదున్న నిప్పు కొంతసేపటికి అడుగంటుతుంది. ఆ కొంతసేపే జాగ్రత్తగా ఉండాల్సిన సమయం. నిప్పు తగ్గితే పొగగొట్టం చల్లబడుతుంది. వేడిగాలి పైకి లేవడం వల్లే గొట్టంలో లాగుడు పుడుతుంది కాబట్టి, చల్లబడితే ఆ లాగుడు బలహీనమవుతుంది. మిగిలిన నిప్పులు మాత్రం కార్బన్ మోనాక్సైడ్ ఇస్తూనే ఉంటాయి. మర ఉన్న రకాల్లో ఇంకో ప్రమాదం ఉంది: ముందుకు కదలని బొగ్గు మీదుగా నిప్పు వెనక్కి పాకి తొట్టి వైపు వెళ్లవచ్చు. కాబట్టి పొయ్యి పూర్తిగా ఆరి చల్లబడేదాకా గది తలుపులు, కిటికీలు తెరిచి ఉంచి, తర్వాతే విప్పాలి.

మోటారు తిరగకపోవడానికి మోటారే కారణమని చెప్పలేం. వరుసగా చూస్తే అసలు కారణం దొరుకుతుంది.

మొదట విద్యుత్తు. ఫ్యూజ్, థర్మోస్టాట్, తొట్టి మూత దగ్గరి స్విచ్, అతివేడి స్విచ్ వీటిలో ఏది తెగినా మోటారుకు కరెంటు అందదు. రక్షణ స్విచ్ తన పని తాను చేసిందేమో ముందు చూడాలి. అది ఎందుకు తెగిందో తెలుసుకోకుండా తీగతో కలిపేయడం ప్రాణాల మీదికి తెచ్చే పని.

రెండోది చప్పుడు. కరెంటు అందుతున్నా మోటారు చల్లగా, నిశ్శబ్దంగా ఉంటే తీగచుట్ట తెగి ఉండవచ్చు. ప్లగ్ తీసి, తీగలు విడదీసి మల్టీమీటర్‌తో నిరోధం చూస్తే తేలుతుంది. తెగిన చుట్ట అనంత నిరోధం చూపుతుంది. గుయ్యిమంటూ కదలకపోతే ఏదో ఇరుక్కుని ఉండాలి, లేదా ఇరుసు పట్టేసి ఉండాలి. రోటర్ తిరుగుతున్నా బయటి ఇరుసు తిరగకపోతే పళ్లు అరిగాయి, లేదా ఇరుసును పట్టి ఉంచే చిన్న స్క్రూ వదులైంది.

మూడోది బరువు లేకుండా పరీక్ష. దిమ్మె నుంచి మోటారును విడదీసి నడిపితే బాగా తిరిగి, తగిలించగానే ఆగిపోతే అనుమానం రెండు వైపులా ఉంటుంది: మోటారు బలహీనపడి ఉండవచ్చు, దిమ్మె బిగుసుకుపోయి ఉండవచ్చు. ప్లగ్ తీసి ఉంచి, దిమ్మెను చేత్తో కదిపి చూస్తే తెలుస్తుంది.

తడిసిన బొగ్గుపొడి దిమ్మె కింద చేరి సిమెంటులా గట్టిపడడం మామూలే. రాతిముక్క అడ్డం పడవచ్చు. మర ఉన్న బాయిలర్లలో ఇలాంటప్పుడు మోటారు కాలిపోకుండా ఒక చిన్న పిన్ను ముందుగా తెగిపోయేలా పెడతారు. ఆ పిన్ను స్థానంలో గట్టి మేకు కొడితే, తర్వాతిసారి తెగేది మోటారు పళ్లే. అడ్డు తీయకుండా కొత్త మోటారు బిగిస్తే దానికీ అదే గతి.

కొత్త మోటారు: చూడాల్సిన ఐదు సంగతులు

పాత మోటారు మీద అతికించిన రేకు పలకను పారేయకూడదు. అందులో వోల్టేజి, ఫ్రీక్వెన్సీ, నిమిషానికి చుట్లు ఉంటాయి. వాటితోపాటు ఇరుసు కొలత, తిరిగే దిశ కూడా కలవాలి.

చుట్ల సంఖ్య దగ్గరే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. దుకాణంలో 2 చుట్ల మోటారు లేదని, అదే ఆకారంలో ఉన్న 3 చుట్లది బిగించారనుకుందాం. గంటకు తోపులు 120 నుంచి 180 అవుతాయి. బొగ్గు కిలో నుంచి కిలోన్నరకు పెరుగుతుంది. అదంతా మండితే శక్తి 10.4 కిలోవాట్లు కావాలి. కానీ బ్లోయర్ మారలేదు కాబట్టి గాలి పాతదే. ఒకటిన్నర రెట్లు బొగ్గు, అదే గాలి. ఫలితంగా కొంత బొగ్గు మండకుండానే వాలు దాటి బూడిద పెట్టెలో పడుతుంది. కొంత సగమే మండి కార్బన్ మోనాక్సైడ్ అవుతుంది. ఇల్లు మాత్రం ఒకటిన్నర రెట్లు వెచ్చబడదు. తక్కువ చుట్లదైతే పొర పలచబడి, గాలి ఖాళీ రంధ్రాల్లోంచి దూసుకుపోయి నిప్పును చల్లారుస్తుంది.

కొన్ని పొయ్యిల్లో మోటారు ఎంతసేపు నడవాలో, ఎంతసేపు ఆగాలో నిర్ణయించే టైమర్ ఉంటుంది. అలాంటివాటిలో వేగం తేడాను కొంతవరకు టైమర్‌తో సరిచేయవచ్చు. తోపు పొడవును మార్చే మర ఉన్నచోట దానితోనూ సరిచేయవచ్చు. ఎలా చేసినా గంటకు పడే బొగ్గును తూచి పాత లెక్కతో పోల్చుకోవాలి.

దిశ విషయంలో షేడెడ్ పోల్ మోటారుకు ఒక ప్రత్యేకత ఉంది. రెండు తీగలు అటూఇటూ మార్చినా అది తిరిగే దిశ మారదు, ఎందుకంటే దిశను నిర్ణయించేది రాగి కడియాలున్న చోటు. ముందుకూ వెనక్కూ కదిలే దిమ్మెకు దిశ పెద్ద పట్టింపు కాకపోవచ్చు. మర అయితే మాత్రం తిరగబడిన మోటారు బొగ్గును నిప్పు నుంచి తొట్టి వైపు లాగుతుంది.

ఇక వోల్టేజి, ఫ్రీక్వెన్సీ. అమెరికాలో ఇంటి కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జ్. మన దేశంలో 230 వోల్టులు, 50 హెర్ట్జ్. అక్కడి నుంచి తెచ్చిన పొయ్యిని ట్రాన్స్‌ఫార్మర్‌తో ఇక్కడ నడపవచ్చని చాలామంది అనుకుంటారు. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజిని తగ్గిస్తుంది, ఫ్రీక్వెన్సీని తాకదు. ఇలాంటి ఏసీ మోటారు వేగం ఫ్రీక్వెన్సీని బట్టి ఉంటుంది కాబట్టి 60 హెర్ట్జ్ మోటారు ఇక్కడ సుమారు ఆరింట అయిదు వంతుల వేగంతోనే తిరుగుతుంది. నిమిషానికి 2 చుట్లది 1.67 దగ్గర ఆగుతుంది. మన ఉదాహరణలో 6.9 కిలోవాట్ల పొయ్యి 5.8కి పడిపోతుంది.

అంతటితో అయిపోలేదు. వోల్టేజి మారకుండా ఫ్రీక్వెన్సీ తగ్గితే ఇనుపకోరులో అయస్కాంత తీవ్రత దాదాపు 20 శాతం పెరగాలి. ఇనుము అంత మోయలేని స్థితికి చేరితే కరెంటు అమాంతం ఎక్కువవుతుంది, తీగచుట్ట వేడెక్కుతుంది. పొయ్యి పక్కనే ఉండే మోటారుకు అది చాలు, చుట్ట మీది పూత మాడిపోతుంది. బ్లోయర్ మోటారు కూడా ఏసీదే అయితే గాలి కూడా తగ్గుతుంది. ఫ్యాన్ ఇచ్చే ఒత్తిడి వేగం వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి, ఆరింట అయిదు వంతుల వేగంలో ఒత్తిడి 70 శాతం దగ్గరికి దిగుతుంది. బొగ్గు, గాలి రెండూ తగ్గుతాయి కానీ ఒకే నిష్పత్తిలో తగ్గుతాయన్న హామీ లేదు.

బూడిద చెప్పే తీర్పు

మోటారు బిగించి, తొట్టి నింపి, నిప్పు రాజేశాక పని పూర్తయినట్టు కాదు. ఒక రోజు గమనించాలి. నిప్పు వాలు చివరకు రాకముందే ఆరిపోతూ, చివర సన్నని బూడిద అంచు కనిపించాలి. ఎర్రటి బొగ్గు అంచు దాటి పెట్టెలో పడుతుంటే బొగ్గు ఎక్కువ, లేదా గాలి తక్కువ. నిప్పు వెనక్కి, దిమ్మె దగ్గరికి కుంచించుకుపోతే బొగ్గు తక్కువ. మర్నాడు బూడిద జల్లిస్తే సగం కాలిన నల్లటి ముక్కలు ఎన్ని ఉన్నాయో కనిపిస్తుంది. రైల్వే ఊళ్లలో ఇంజన్ బూడిదలోంచి ఏరుకున్నది ఇలాంటి ముక్కల్నే.

బూడిద చెప్పలేని సంగతి ఒకటుంది, అది గదిలోని కార్బన్ మోనాక్సైడ్. దానికి డిటెక్టర్ తప్ప వేరే దారి లేదు. పడకగది దగ్గర ఒకటి ఉండాలి. పొగగొట్టం అతుకులు, బూడిదతో మూసుకుపోయిన వంపులు మోటారు మార్చిన రోజే చూసుకోవాలి. ఇంట్లో ఒకరికి మించి ఒకేసారి తలనొప్పి, వికారం వస్తే, బయటికి వెళ్లగానే తగ్గితే, జ్వరమో జలుబో అనుకోకుండా ముందు పొయ్యిని అనుమానించాలి. అందరినీ ఆరుబయటికి తెచ్చి, వైద్య సాయం తీసుకోవాలి.

ఖరగ్‌పూర్‌లో ఇది పనిచేస్తుందా?

ఆంత్రసైట్ కోసం చేసిన స్టోకర్ పొయ్యిని తెచ్చి రాణిగంజ్, ఝరియా బొగ్గు పోస్తే ఏమవుతుంది? ఈ బొగ్గులు బిటుమినస్ రకం. ఆవిరై పోయే పదార్థం చాలా ఎక్కువ కాబట్టి పొగ వస్తుంది. కోకింగ్ రకమైతే వేడికి మెత్తబడి ఒకదానికొకటి అతుక్కుంటుంది, వాలు మీద జారదు. బూడిద కూడా ఎక్కువ. మన బొగ్గుల్లో అది మూడో వంతు దాకా ఉండడం అరుదు కాదు. 3 కిలోలు కాలిస్తే కిలో బూడిద దులపాలన్నమాట. ఆ పొయ్యి మోటారు అంత బరువు కోసం చేసింది కాదు. బెంగాల్, బీహార్ ప్రాంతాల్లో ఇంటి వంటకు ముందే కొంత కాల్చి పొగ తగ్గించిన సాఫ్ట్ కోక్‌ను ప్రోత్సహించడానికి కారణం ఈ గుణాలే.

మన దగ్గర ఇంటి పొయ్యిల్లో మోటారు చేరింది బొగ్గు వైపు కాదు, గాలి వైపు. టీ దుకాణాల, మిఠాయి దుకాణాల బొగ్గు పొయ్యిలకు చిన్న కరెంటు బ్లోయర్లు తగిలించడం చాలాచోట్ల చూస్తాం. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ పరిజ్ఞానంతో 2000ల మధ్యలో మార్కెట్‌లోకి వచ్చిన ఊర్జా పొయ్యిలోనూ బ్యాటరీతో నడిచే ఫ్యానే ఉండేది. వంట చెరకు గుళికలను ముందే నింపి, గాలిని మోటారుతో అందించారు. వీటిలో ఫ్యాన్ ఆగితే జరిగేది ఫీడ్ మోటారు వేగం పెరిగితే జరిగేదే: బొగ్గు ఎక్కువ, గాలి తక్కువ. బ్లోయర్ ఆగిన కుంపటి ముందు మూసిన గదిలో కూర్చోకూడదు.

ఖరగ్‌పూర్ నుంచి హౌరా వెళ్లే దారిలో కోలాఘాట్ థర్మల్ విద్యుత్ కేంద్రం కనిపిస్తుంది. అక్కడ ఒక్కోటి 210 మెగావాట్ల చొప్పున 6 యూనిట్లు నిర్మించారు. అంత యూనిట్ సామర్థ్యం 35 శాతం, బొగ్గు వేడి కిలోకు 16 మెగాజౌళ్లు అనుకుంటే, పూర్తి శక్తితో నడిచేటప్పుడు గంటకు సుమారు 135 టన్నుల బొగ్గు కావాలి. ఇంటి స్టోకర్‌తో పోలిస్తే లక్ష రెట్లకు పైనే. అలాంటి కేంద్రాల్లోనూ బొగ్గును కొలిచి పంపే యంత్రం పేరు ఫీడరే. అది ఆగితే బాయిలర్‌లో మంట నిలకడ తప్పుతుంది కాబట్టి బొగ్గు, గాలి నిష్పత్తిని అనుక్షణం కనిపెట్టే నియంత్రణ వ్యవస్థ ఉంటుంది. ఇంటి పొయ్యికి అలాంటి వ్యవస్థ లేదు. అక్కడ ఆ పని చేయాల్సింది మోటారు రేకు మీది అంకెలు చదివేవారు, మర్నాడు బూడిద జల్లించేవారు.